ఎండ పడని సందులో సరస్వతి ఆకు



పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, వెళ్ళబోతూ ఆగి అడిగారు. "మేడమ్, మా అమ్మ పాపకి రోజూ సరస్వతి ఆకు పెట్టమంటోంది. నిజంగా జ్ఞాపకశక్తి పెరుగుతుందా? పోనీ ఇంట్లోనే వేద్దామంటే మా పక్క సందులో ఎండే పడదు. అక్కడ ఏం వేసినా చచ్చిపోతోంది."

ఆయన అడిగింది రెండు ప్రశ్నలు. రెండోదానికి అక్కడే జవాబు చెప్పాను: "ఎండ పడకపోతే మరీ మంచిది సార్, ఈ మొక్కకి కావలసింది అదే." మొదటిదానికి నిలబడి రెండు నిమిషాల్లో జవాబు చెప్పడం సరి కాదనిపించింది. మీటింగ్ అయ్యాక ఇంకో ఇద్దరు అమ్మలు కూడా ఇదే సంగతి అడిగారు. అందుకే ఈ నెల బయాలజీ పేజీ దీనికే. ముందు పెంపకం గురించి, చివర్లో మార్కుల గురించి చెబుతాను.

మన సందుల్లో నీడ

గాజువాకలో చాలా ఇళ్ళకి ఇంటి గోడకీ ప్రహరీకీ మధ్య రెండు మూడు అడుగుల సందు ఉంటుంది. పక్కవాళ్ళు రెండో అంతస్తు వేసే వరకు అక్కడ కాస్త ఎండ వస్తుంది. తరువాత అదీ పోతుంది. ఎండాకాలంలో దుమ్ము, వానాకాలంలో బురద, గోడ మొదట్లో నాచు. చివరికి విసుగొచ్చి సిమెంట్ చేయించేస్తాం. సిమెంట్ చేస్తే వాన నీళ్ళు భూమిలోకి ఇంకవు, వేసవిలో ఆ గోడలు ఇంకా వేడెక్కుతాయి.

ఈ తప్పు నేనూ చేయబోయాను. మా ఇంటి సందులో ముందు లాన్ గడ్డి వేశాం. గడ్డి అమ్మినతను నీడలోనైనా వస్తుందన్నాడు. నెలన్నరలో పసుపు రంగుకి తిరిగి, మధ్యమధ్య బట్టతలలా అయిపోయింది. ఖర్చయింది రెండు వేలే అయినా, బయాలజీ టీచర్‌ని అయ్యుండి ఒక్కసారి కూడా ఆలోచించనందుకు నాకు సిగ్గేసింది. లాన్ గడ్డికి రోజూ కొన్ని గంటలపాటు నేరుగా ఎండ తగలాలి. ఎండ లేకపోతే తయారుచేసుకునే ఆహారం కంటే ఖర్చు పెట్టేది ఎక్కువై, మెల్లగా నీరసించి పోతుంది.

మేస్త్రీని పిలుద్దామనుకుంటుండగా పక్కింటి ఆంటీ గోడ మీదుగా ఒక పాలిథిన్ కవరు అందించారు. వాళ్ళది ఒడిశా. అంకుల్ ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. "థాల్‌కుడి, పెట్టి చూడు" అన్నారు. తీసి చూస్తే సరస్వతి ఆకు. ఆ గుప్పెడు తీగ ముక్కలే ఇప్పుడు మా సందంతా పరుచుకున్నాయి.

ఇదేం మొక్క?

శాస్త్రీయ నామం సెంటెల్లా ఏషియాటికా. సంస్కృతంలో మండూకపర్ణి అంటారు, కప్పలాంటి ఆకు అని అర్థం. ఇది మన కొత్తిమీర, క్యారెట్, సోంపుల కుటుంబంలోదే. తమిళులకు ఇది వల్లారై, బెంగాలీలకు థాన్‌కుని, శ్రీలంకలో గొటుకోల. వియత్నాంలో దీని ఆకులతో పచ్చటి చల్లని పానీయం చేసుకుంటారు. మన ఊళ్ళో స్టీల్ ప్లాంట్, పోర్టు ఉద్యోగాల కోసం ఎన్నో రాష్ట్రాల వాళ్ళు వచ్చి ఉన్నారు కాబట్టి, మీ వీధిలోనే ఈ ఆకుకి నాలుగు పేర్లు వినిపించవచ్చు.

నేల మీద సన్నని తీగ పాకుతుంది. తీగకి కణుపులు ఉంటాయి. తడి మట్టి తగిలిన ప్రతి కణుపు దగ్గరా కింద వేళ్ళు, పైన ఆకులు వస్తాయి. అక్కడి నుంచి మళ్ళీ తీగ. అంటే కణుపు కణుపుకీ ఒక కొత్త మొక్క. పిల్లల పుస్తకంలో శాఖీయ ప్రత్యుత్పత్తి పాఠంలో ఉండే పాకే కాండం ఇదే. బోర్డు మీద నేను ఎంత బాగా బొమ్మ వేసినా, ఇంటి పక్కన చూసినట్టు ఉండదు.

కొనేముందు, ఎవరైనా ఇచ్చినప్పుడు సరిగ్గా గుర్తుపట్టండి:

- సరస్వతి ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. కాడ కలిసే చోట ఆకు లోపలికి చీలి ఉంటుంది. అంచులకి చిన్న చిన్న నొక్కులు ఉంటాయి. పూలు చాలా చిన్నవి, ఆకుల కింద దాక్కుని ఉంటాయి.
- కాడ సరిగ్గా ఆకు మధ్యలో, గొడుగు కర్రలా అతుక్కుని ఉంటే అది వేరే మొక్క.
- ఆకు ఇలాగే ఉండి పసుపు పూలు పూస్తే అది ఎలుకచెవి ఆకు కావచ్చు.
- బ్రాహ్మి పేరుతో రెండు మొక్కలు అమ్ముతారు. కొందరు సరస్వతి ఆకునే బ్రాహ్మి అంటారు. ఇంకొందరు బకోపా అనే మొక్కని అంటారు. బకోపా ఆకులు చిన్నగా, దళసరిగా, కాడ లేకుండా ఉంటాయి. పేరు కాకుండా ఆకు చూసి కొనండి.

ముందు నీడని చూడండి

నీడలన్నీ ఒక్కటి కావు. సెలవు రోజున పొద్దున్న 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి పిల్లల్ని తీసుకుని సందులోకి వెళ్ళండి. నేల మీద తెల్ల కాగితం పెట్టి, దానికి అడుగు ఎత్తులో చెయ్యి పట్టమనండి.

- చేతి నీడ నల్లగా, అంచులు స్పష్టంగా కనిపిస్తే అక్కడ నేరుగా ఎండ పడుతోంది.
- నీడ మసకగా ఉండి, చెయ్యి అని మాత్రం తెలుస్తుంటే అది వెలుతురున్న నీడ. సరస్వతి ఆకుకి సరైన చోటు.
- అసలు నీడే కనిపించకపోతే, పట్టపగలే చీకటిగా ఉంటే అక్కడ ఇది కూడా పలచగానే వస్తుంది.

పొద్దుటి ఎండ గంటా రెండు గంటలు తగిలినా ఇబ్బంది లేదు. మే నెల మధ్యాహ్నపు ఎండ పడితే మాత్రం నీళ్ళు ఎక్కువ కావాలి.

ఇంకో తేడా కూడా గమనించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్ళో ఎన్ని చెట్లు కూలాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పటిదాకా ఎన్నో పెరళ్ళలో చెట్ల నీడ ఉండేది. ఇప్పుడు ఎక్కువ ఇళ్ళలో ఉన్నది గోడల నీడ. చెట్టు కింద నేలలో ఆకులు కుళ్ళి మట్టి మెత్తబడుతుంది, కాని చెట్టు వేళ్ళు నీళ్ళు లాగేస్తాయి, కాబట్టి నీళ్ళు ఎక్కువ పోయాలి. గోడ పక్కన తడి త్వరగా ఆరదు, కాని మట్టిలో ఇల్లు కట్టినప్పటి సిమెంట్ ముద్దలు, ఇటుక ముక్కలు, కంకర ఉంటాయి. అక్కడ ముందు మట్టిని బాగుచేయాలి.

నేల తయారీ

ఈ మొక్క వేళ్ళు మరీ లోతుకి పోవు. అరడుగు లోతు మంచి మట్టి ఉంటే చాలు.

1. సందుని అరడుగు తవ్వండి. సిమెంట్ ముద్దలు, సున్నం పెచ్చులు, గాజు ముక్కలు, మేకులు ఏరేయండి. ఈ పని పెద్దవాళ్ళు చేయాలి, చేతులకి గ్లౌజులు వేసుకోవాలి.
2. రెండు వంతుల ఎర్రమట్టికి ఒక వంతు బాగా మాగిన పశువుల గెత్తం లేదా వర్మీకంపోస్ట్ కలిపి నింపండి. పచ్చి గెత్తం వద్దు, దాని వేడికి లేత వేళ్ళు మాడిపోతాయి.
3. గోడకి మట్టి ఆనకూడదు. గోడ వెంట జానెడు వెడల్పు వదిలి, అక్కడ కంకర పరచండి. గోడకి చెమ్మ ఎక్కదు, ఆ జాగా శుభ్రంగా కనిపిస్తూ ఉంటుంది.
4. నీళ్ళు నిలవకుండా ఒక పక్కకి కొద్దిగా వాలు ఇవ్వండి. ఈ మొక్కకి తడి ఇష్టమే, కాని నిలిచిన నీళ్ళు దోమలకి ఇంకా ఇష్టం.
5. మీరు నడిచే దారిలో అడుగు దూరాన ఒక్కో రాయి వేయండి. ఇల్లు కట్టగా మిగిలిన కడప రాయి ముక్కలు చాలు. దీని మీద అప్పుడప్పుడు కాలు పడితే ఓర్చుకుంటుంది, రోజూ తొక్కితే ఓర్చుకోదు.

నాటడం

మన దగ్గర మంచి కాలం జూన్ చివర నుంచి ఆగస్టు దాకా. నైరుతి వానలు పడుతుంటే మీరు పోసే నీళ్ళు సగానికి తగ్గుతాయి. అది దాటిపోతే అక్టోబరులో వేయండి. మార్చి నుంచి మే వరకు కొత్తగా వేయకండి.

విత్తనాలు వెతకొద్దు. తీగ ముక్కలు తేలిక. మన నర్సరీలకి చాలా మొక్కలు తూర్పుగోదావరి జిల్లా కడియం ప్రాంతం నుంచి వస్తాయి. సరస్వతి ఆకు కావాలని చెబితే తెప్పించే అవకాశం ఉంది. ఒకటి రెండు కుండీలు కొంటే చాలు, దాని నుంచి మీరే ముక్కలు చేసుకోవచ్చు.

ఒక్కో ముక్కకి రెండు మూడు కణుపులు, వీలైతే అప్పటికే వచ్చిన కొన్ని వేళ్ళు ఉండాలి. కణుపుని మట్టిలో అర అంగుళం లోతుకి నొక్కి, ఆకులు పైకి ఉంచండి. అడుగుకొకటి చొప్పున పెడితే 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు సందుకి 30 ముక్కలు. తొందరగా కప్పుకోవాలంటే జానెడుకొకటి పెట్టండి, అప్పుడు ఎన్ని కావాలో పిల్లల్ని లెక్క కట్టమనండి. సాయంత్రం నాటడం మంచిది.

మొదటి మూడు నెలలు

మొదటి రెండు వారాలు పైన ఏ మార్పూ కనిపించదు. కొన్ని పాత ఆకులు పసుపెక్కి పోతాయి కూడా. మా ఇంట్లో ఈ దశలోనే అమ్మ "ఇది కూడా పోయిందే" అంది. కంగారు పడొద్దు. ఆ రోజుల్లో పని అంతా మట్టి కింద జరుగుతుంది. కొత్త ఆకు ఒక్కటి విప్పుకుందంటే మొక్క కుదురుకున్నట్టే.

వానలు లేని రోజు తప్పకుండా నీళ్ళు పోయండి. మట్టి పై పొర వేలికి తడిగా తగలాలి. ట్యూబ్‌తో గట్టిగా కొడితే ముక్కలు లేచిపోతాయి, రోజ్ క్యాన్‌తో జల్లండి. బట్టలు ఉతికిన సబ్బు నీళ్ళు వద్దు. బియ్యం కడిగిన నీళ్ళు పోయవచ్చు.

ఎక్కువ మంది ఓడిపోయేది కలుపు దగ్గర. మట్టి ఖాళీగా కనిపించినంత కాలం తుంగ, గరిక వస్తూనే ఉంటాయి. మొదటి రెండు నెలలు వారానికోసారి చేత్తో పీకాలి. తుంగని కింద గడ్డతో సహా తీయాలి. ఒకసారి ఆకులు ఒకదానికొకటి తగిలి నేల కనిపించకుండా కప్పేస్తే కలుపు తనంతట తానే తగ్గిపోతుంది. వానాకాలంలో వేస్తే సుమారు మూడు నెలల్లో సందు పచ్చబడుతుంది. తరువాత రెండు నెలలకోసారి పిడికెడు వర్మీకంపోస్ట్ చల్లితే చాలు.

మీరు అడగబోయే ప్రశ్నలు

పాములు, తేళ్ళు చేరవా? ఆకులు సాధారణంగా జానెడు ఎత్తు దాటవు, కాబట్టి పొదల్లో ఉన్నంత చాటు ఉండదు. పాములకీ తేళ్ళకీ నచ్చేవి ఇటుకల కుప్పలు, పాత సామాన్లు, ఎలుకలు. సందులో అవి లేకుండా చూసుకోండి. అయినా పిల్లలు చెయ్యి పెట్టేముందు ఒకసారి కర్రతో కదిపి చూడటం అలవాటు చేయండి.

నత్తలు తినేస్తే? వానాకాలంలో వస్తాయి. రాత్రి టార్చి వేసుకుని, చేతికి కవరు తొడుక్కుని ఏరేయాలి. ఒట్టి చేతులతో పట్టుకోవద్దు. నేల మీద ఉప్పు చల్లొద్దు, నత్తతోపాటు మట్టీ పాడవుతుంది.

మాది అపార్ట్‌మెంట్, ఎలా? అరడుగు లోతు, వెడల్పాటి టబ్ తీసుకుని అడుగున రంధ్రాలు చేసి బాల్కనీలో పెట్టండి. తీగలు అంచు దాటి కిందికి వేలాడతాయి.

వేరే ఏదైనా తీగ వేయవచ్చా? వేయవచ్చు. తమలపాకు కూడా వెలుతురున్న నీడలో, తడిలో బాగా వస్తుంది. మనీ ప్లాంట్ ఇంకా చీకటి చోట కూడా బతుకుతుంది, కాని దాని ఆకు నమిలితే నోరు మండుతుంది. ఇంట్లో పాకే బిడ్డ ఉంటే నేల మీద వద్దు. ఒక మొక్కని మాత్రం దయచేసి తెచ్చుకోకండి. దాని పేరు వెడీలియా, ఎన్నో ఊళ్ళలో రోడ్డు డివైడర్ల మీద వేస్తారు. పసుపు పూలతో అందంగా, చకచకా అల్లుకుంటుంది. ఉష్ణ ప్రాంత అమెరికా నుంచి వచ్చిన ఈ తీగ ప్రపంచంలో అతి హానికరమైన 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. తుంచి బయట పారేసిన ముక్క కూడా వేళ్ళు తన్ని, అక్కడి మొక్కల్ని కప్పేస్తుంది.

ఇక మార్కుల సంగతి

నాన్నగారి మొదటి ప్రశ్నకి వద్దాం. సరస్వతి ఆకు జ్ఞాపకశక్తికి మంచిదని మన పెద్దలు ఎన్నో తరాలుగా చెబుతున్నారు. ఆయుర్వేదంలోనూ దీనికి గౌరవమైన చోటు ఉంది. అందుకే దీని మీద పరిశోధనలు కూడా చాలా జరిగాయి. మనుషుల మీద జరిగిన అలాంటి పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వచ్చింది. ఈ ఆకు వల్ల జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి పెరుగుతాయనడానికి అందులో స్పష్టమైన ఆధారం దొరకలేదు. మనసు కాస్త చురుగ్గా ఉన్నట్టు అనిపించడంలో కొంత మేలు కనిపించింది, అంతే.

కాబట్టి టీచర్‌గా నా మాట ఇది. నానమ్మ, అమ్మమ్మ వారానికోసారి పప్పులోనో పచ్చడిలోనో నాలుగు ఆకులు వేస్తే అది ఆకుకూర, సంతోషంగా తినండి. పరీక్షల ముందు రోజూ రసం తాగించడం, పొడులూ మాత్రలూ కొని పెట్టడం మాత్రం డాక్టర్‌ని అడగకుండా చేయకండి. దీని మాత్రలను ఎక్కువ రోజులు వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గర్భిణులు, కాలేయ సమస్య ఉన్నవాళ్ళు, రోజూ మందులు వాడేవాళ్ళు ముందే అడగాలి.

మన ఊరికి సంబంధించిన జాగ్రత్త ఇంకోటి ఉంది. ఈ మొక్క నేలలో సీసం లాంటి లోహాలు ఉంటే వాటిని తనలోకి లాక్కుంటుందని మలేషియాలో జరిగిన పరిశోధనల్లో తేలింది. మనది ఫ్యాక్టరీలు, లారీలు, షెడ్లు ఉన్న ఊరు. అందుకని మురుగు కాలువ పక్కన, రోడ్డు వారన, పాత పెయింట్ పెచ్చులు రాలిన మట్టిలో, వాహనాల ఆయిల్ ఒలికిన చోట పెరిగిన ఆకు చూడటానికే తప్ప తినడానికి కాదు. తినాలనుకుంటే శుభ్రమైన కొత్త మట్టితో టబ్‌లో విడిగా పెంచుకోండి. ఆకు మీద దుమ్ము పోయేదాకా రెండు మూడు నీళ్ళలో కడిగి, వండుకుని తినండి.

అమ్మమ్మ మాట తీసేస్తున్నానని అనుకోకండి. పాపకి ఒక ఆకు చేతిలో పెట్టి "ఇది తిను, మార్కులొస్తాయి" అంటే, మార్కులు రాని రోజు పాప ఆ ఆకుని తప్పుపట్టదు, తనని తానే తప్పుపట్టుకుంటుంది. ఇంత చేసినా నాకు రాలేదంటే నా బుర్రే మంచిది కాదు అనుకుంటుంది. క్లాసులో అలాంటి పిల్లల ముఖాలు నేను చూశాను. రాత్రి సరైన నిద్ర, పొద్దున్న కడుపునిండా టిఫిన్, చదివింది నాలుగు రోజులకోసారి తిరిగి చూసుకోవడం. జ్ఞాపకశక్తికి నేను గట్టిగా చెప్పగలిగినవి ఇవే.

పిల్లలకి ఒక పని

రెండు చిన్న కుండీల్లో ఒకే తీగ నుంచి తీసిన రెండు ముక్కలు నాటించండి. ఒకటి పొద్దుటి ఎండ తగిలే చోట, ఒకటి నీడలో. రెండింటికీ ఒకేలా నీళ్ళు. ప్రతి ఆదివారం స్కేలుతో ఆకు కాడ పొడవు, ఆకు వెడల్పు కొలిచి తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయమనండి. ఎనిమిది వారాల తరువాత రెండు కుండీలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది పొడుగ్గా ఎదిగింది, ఎందుకు అన్నది నేను ఇక్కడ చెప్పను. అది వాళ్ళే కనుక్కుని క్లాసులో నాకు చెప్పాలి. మొక్క చచ్చిపోయినా ఆ తేదీ రాసి తీసుకురావచ్చు, దానికీ ఫుల్ మార్కులే.

మా సందులో ఇప్పుడు వాన పడితే బురద చిమ్మదు. సాయంత్రం బడి నుంచి వచ్చి రెండు చెంబుల నీళ్ళు పోస్తే చాలు. తీగ గోడ చివరి దాకా వెళ్ళింది. పోయిన ఆదివారం గుప్పెడు ముక్కలు తీసి కవర్లో పెట్టాను. ఆ నాన్నగారి పాప మా క్లాసే. సోమవారం తన చేతికి ఇచ్చి పంపిస్తాను.